రేలంగి: కథలో కలిసిపోయిన నవ్వు

తెలుగు సినిమా హాస్యనటుల్లో పద్మశ్రీ పురస్కారం మొట్టమొదట అందుకున్నవారు రేలంగి వెంకట్రామయ్య. 1970లో ఆ గౌరవం దక్కేనాటికి ఆయన తెరమీదికి వచ్చి ముప్పై అయిదేళ్లు అయింది. చిన్నా పెద్దా కలిపి మూడు వందల దాకా చిత్రాల్లో నటించారు. పెట్టిన పేరు వెంకట్రామయ్యే అయినా ఇంటిపేరే జనం నోట నిలిచిపోయింది. 1950ల్లోనూ, 60ల మొదటి సగంలోనూ పెద్ద బానరు చిత్రాల్లో రేలంగి లేని చిత్రాలను వెతికి పట్టుకోవలసిందే. కథానాయకులు రామారావు, నాగేశ్వరరావులలో ఎవరైనా కావచ్చు, జానపదమో పౌరాణికమో సాంఘికమో ఏదైనా కావచ్చు, నవ్వుల వాటా మాత్రం ఎక్కువగా రేలంగిదే.

ఆయన పుట్టింది 1910 ఆగస్టులో, అప్పటి గోదావరి జిల్లాలోని రావులపాడులో. రావులపాలెం పక్కనే ఉన్న కోనసీమ పల్లె అది. తండ్రి సంగీతం, హరికథ నేర్పేవారు. ఈ నేపథ్యాన్ని తేలిగ్గా తీసుకోవడానికి లేదు. హరికథలో ఒక్క మనిషే రాముడూ రావణుడూ సీతా శూర్పణఖా అన్నీ అవుతాడు. రాత్రి పొద్దుపోయి జనం కునికిపాట్లు పడుతుంటే కథకుడు ఓ పిట్టకథ అందుకుంటాడు. నవ్వించి, నిద్ర వదలగొట్టి, అదే ఊపులో మళ్లీ అసలు కథలోకి తీసుకుపోతాడు. ఆ పిట్టకథ కథలో ఇమడకపోతే జనం లేచి ఇంటికి పోతారు. నవ్వు ఎక్కడ మొదలుపెట్టాలో, ఎక్కడ ఆపాలో తెలియడమే అందులో కిటుకు. రేలంగి నటనలో చివరిదాకా కనిపించే గుణం కూడా ఇదే.

చదువుకోసం కాకినాడ చేరిన కుర్రవాడిని నాటకాలు పట్టేశాయి. ఆ రోజుల్లో కాకినాడ నాటకాల ఊరు. అక్కడి యంగ్ మెన్స్ హ్యాపీ క్లబ్ తరువాతి కాలంలో తెలుగు సినిమాకు కావలసిన మనుషులను ఒక వరసలో అందించింది. ఎస్.వి.రంగారావు, అంజలీదేవి, సంగీత దర్శకుడు ఆదినారాయణరావు ఆ రంగస్థలం మీద ఎదిగినవాళ్లే. రేలంగి ఆ క్లబ్బు నాటకాల్లో మగవేషాలతోపాటు ఆడవేషాలూ వేశారు. స్త్రీలు నాటకాల్లోకి రావడం అరుదైన కాలం కనుక అది మామూలు సంగతే. అయితే ఆ అనుభవం ఆయన ఒంటికి ఒక మెత్తదనాన్ని, చేతులకూ కళ్లకూ ఒక లాలిత్యాన్ని ఇచ్చిందని తరువాతి చిత్రాలు చూస్తే తెలుస్తుంది. అలిగిన రాకుమారుడిగానో, భార్య ముందు నోరు మెదపలేని మొగుడిగానో నటించినప్పుడు ఆ మెత్తదనం పైకి వస్తుంది.

1935లో సి.పుల్లయ్య దర్శకత్వంలో వచ్చిన శ్రీకృష్ణ తులాభారం ఆయన తొలి చిత్రం. తెలుగు చిత్రాల నిర్మాణం అప్పటికి ఇంకా మద్రాసులో కుదురుకోలేదు. కలకత్తా, బొంబాయి, కొల్హాపూర్ స్టూడియోలకు మనుషులను మూటాముల్లెతో తరలించుకుపోయి చిత్రాలు తీసేవారు. కాకినాడ మనిషే అయిన పుల్లయ్యకు నమ్మకస్తులు కావలసివచ్చేది. రేలంగి ఆయన పక్కన చేరి నటనకన్నా ఎక్కువగా తెరవెనుక పనులు చేశారు. నటీనటులను పిలుచుకురావడం మొదలు నిర్మాణ వ్యవహారాలు చూసుకోవడం దాకా అన్నీ మీద వేసుకున్నారు. మధ్యమధ్య చిన్న వేషం దొరికితే వేసేవారు, దొరక్కపోతే లేదు. ఒక పుష్కరకాలం ఇలాగే గడిచింది. వయసు నలభైకి దగ్గరపడుతోంది, పేరు మాత్రం రాలేదు. 1947లో గొల్లభామ, 1948లో వింధ్యరాణి చిత్రాలతో పరిశ్రమ చూపు ఆయన మీద పడింది. అంతకుముందు పన్నెండేళ్లలో కెమెరా ఎలా చూస్తుందో, ఒక సన్నివేశం కూర్పులో ఎంత నిలుస్తుందో, ఎంత తెగిపోతుందో దగ్గరుండి గమనించే అవకాశం ఆయనకు దక్కింది. తోటి నటుల్లో చాలామందికి లేని చదువు అది.

అప్పటికి తెలుగు తెరమీద నవ్వుల దొర కస్తూరి శివరావు. 1948లో వచ్చిన బాలరాజు ఆయనను తిరుగులేని స్థానంలో కూర్చోబెట్టింది. మరుసటి ఏడు కె.వి.రెడ్డి తీసిన గుణసుందరి కథలో ఆయనే కథానాయకుడు. షేక్‌స్పియర్ కింగ్ లియర్ నాటకంలోని తండ్రీకూతుళ్ల పరీక్షను తీసుకుని, పింగళి నాగేంద్రరావు దానికి పదహారణాల తెలుగు జానపద రూపం ఇచ్చారు. అందులో రాజుగారి పెద్దల్లుళ్లలో ఒకడైన కాలమతి పాత్ర రేలంగిది. మూడో అల్లుడు కష్టపడి సాధించిన మహేంద్రమణిని కాజేసి, తామే తెచ్చామని చెప్పుకునే జంటలో ఒకడు. దొంగబుద్ధి, పిరికితనం, గొప్పలు చెప్పుకునే యావ మూడూ కలిసిన పాత్ర. రేలంగి దాన్ని దుర్మార్గుడిగా చూపించలేదు. అబద్ధం ఆడుతూ తానే దాన్ని నమ్మేసే అల్పుడిగా చూపించారు. ఆ చిత్రం విజయవంతమయ్యాక ఆయనకు తీరిక లేకుండా పోయింది. శివరావు వెలుగు తగ్గుతూ వస్తున్నకొద్దీ రేలంగి వెలుగు పెరిగింది.

1951లో విజయా వారి పాతాళభైరవిలో ఆయన రాణిగారి తమ్ముడు. రాకుమారిని పెళ్లాడాలని ఆశపడే రాజశ్యాలకుడు. ప్రేమ పుట్టిందిగానీ ధైర్యం పుట్టలేదు. ఆ చిత్రంలో తన పాట తానే పాడుకున్నారు. సంగీతం ఇంట్లోనే ఉన్న మనిషి కనుక శ్రుతి తప్పకుండా నవ్వించడం ఆయనకు చేతనైంది. హాస్యగీతం అంటే గొంతు వంకర తిప్పడమేనని అనుకునేవాళ్లకు ఆ పాట మంచి జవాబు. తరువాతి రోజుల్లో నేపథ్యగానం స్థిరపడ్డాక హాస్యనటులకు ఎక్కువగా పిఠాపురం నాగేశ్వరరావు, మాధవపెద్ది సత్యం పాడారు. ఎవరు పాడినా పెదవి కదలికలో, పదం విరుపులో అది రేలంగి పాటే అనిపించడానికి కారణం ఆయనకున్న స్వరజ్ఞానమే.

1953లో సి.పుల్లయ్య తీసిన పక్కింటి అమ్మాయి చిత్రంలో ఆయన ఏకంగా కథానాయకుడు. అంజలీదేవి నాయిక. బెంగాలీలో వచ్చిన పాశేర్ బాడీ దీనికి మాతృక. పక్కింట్లో ఉన్న అమ్మాయికి సంగీతమంటే ప్రాణం. ఈ అబ్బాయికి పాట రాదు. స్నేహితుడు చాటునుంచి పాడుతుంటే ఇతను కిటికీ దగ్గర పెదవులు కదుపుతాడు. చాటునుంచి పాడే వేషాన్ని గాయకుడు ఎ.ఎం.రాజా వేశారు. నిజంగా పాట వచ్చిన రేలంగి పాట రానివాడిగా నటించడం ఇందులోని చమత్కారం. ఇదే బెంగాలీ కథ 1968లో హిందీలో పడోసన్‌గా వచ్చి దేశమంతా ఆడింది. తెలుగులో 1981లో మళ్లీ తీశారు. పడోసన్ గురించి మాట్లాడుకునే తెలుగువారు దానికి పదిహేనేళ్ల ముందే తమ భాషలో ఉన్న ఈ చిత్రాన్ని మరిచిపోవడం విచారించదగ్గ విషయం.

విజయా సంస్థ 1955లో తీసిన మిస్సమ్మలో రేలంగి దేవయ్య. ఉద్యోగాలకోసం భార్యాభర్తలమని అబద్ధం చెప్పి అప్పాపురం చేరిన ఇద్దరు యువతీయువకుల రహస్యం అతని కడుపులో ఉంటుంది. ఇలాంటి కథల్లో సేవకుడి పాత్రను నవ్వుకోసం అటూఇటూ పరుగులు పెట్టించడం రివాజు. దేవయ్య అలా పరుగులు పెట్టడు. రహస్యం కాపాడవలసిన మనిషి ముఖంలో ఉండే గుంభనం, అది ఎక్కడ జారిపోతుందోనన్న గాబరా, తనవాళ్లు ఇద్దరూ కలిసిపోతే బాగుండునన్న ఆశ అతనిలో కలిసి ఉంటాయి. దేవయ్యను తీసేస్తే మిస్సమ్మ కథ నడవదు. ఈ మాట చాలా చిత్రాల హాస్యపాత్రల గురించి చెప్పలేం.

రేలంగి ప్రతిభకు కొలమానాలుగా నిలిచే పాత్రలు రెండున్నాయి. రెండూ భారత కథకు చెందినవే, రెండూ రాకుమారులవే. మొదటిది 1957 మార్చిలో విడుదలైన మాయాబజార్‌లోని లక్ష్మణకుమారుడు. రెండోది 1963లో కమలాకర కామేశ్వరరావు దర్శకత్వంలో వచ్చిన నర్తనశాలలోని ఉత్తరకుమారుడు.

లక్ష్మణకుమారుడు దుర్యోధనుడి కొడుకు. బలరాముడి కూతురు శశిరేఖతో అతని పెళ్లి శకుని వేసిన ఎత్తు. యుద్ధమంటూ వస్తే బలరాముడు కౌరవుల పక్షాన ఉండాలంటే ఈ వియ్యం కలవాలి. ఈ పెళ్లికథ వ్యాసభారతంలో లేదు. శశిరేఖా పరిణయంగా మన జానపదుల నోట, నాటకాల్లో పెరిగిన కథ. కొడుకుకి రాజకీయం పట్టదు. తన అందచందాల మీద తనకున్న నమ్మకం అపారం. అటు చూస్తే పెళ్లికూతురి వేషంలో ఉన్నది ఘటోత్కచుడు. పెళ్లిపీటల మీద పక్కనున్న వధువు అతనికి మాత్రమే రాక్షసుడిలా కనిపిస్తుంది. బెదిరి అరిస్తే పెద్దలు తిరిగి చూసేసరికి అక్కడ సిగ్గుల మొలక శశిరేఖే ఉంటుంది. అరిచినవాడే పిచ్చివాడవుతాడు. సావిత్రి ఆ ఘట్టంలో రాక్షసుడి ఠీవిని ఆడపిల్ల ఒంట్లో చూపించిన తీరును అందరూ మెచ్చుకుంటారు, మెచ్చుకోవలసిందే. అయితే ఆ మాయకు బలం వచ్చింది ఎదుటివాడి భయంలోంచి. రేలంగి నిజంగా హడలిపోకపోతే సావిత్రి ఘటోత్కచుడు కాలేరు. భయం, పెళ్లి తప్పిపోతుందేమోనన్న బెంగ, నలుగురిలో నవ్వులపాలయ్యానన్న ఉడుకుమోత్తనం ఒకదాని వెంట ఒకటి ఆయన ముఖంలో మారుతూ ఉంటాయి. అప్పటికి ఆయన వయసు నలభై ఆరు దాటింది. పెళ్లికొడుకు వయసు గురించి ఆనాడూ ఈనాడూ ఒక్క ప్రేక్షకుడికీ సందేహం రాలేదు.

ఉత్తరకుమారుడి సంగతి వేరు. ఆ పాత్ర తెలుగువారికి తిక్కన విరాటపర్వం నుంచీ ఎరుకే. ఉత్తరకుమార ప్రగల్భాలన్నది పల్లెల్లోనూ నలిగిన మాట. సుశర్మ దక్షిణ గోగ్రహణానికి వస్తే విరాటరాజు సైన్యంతో అటు వెళ్లాడు. ఇటు ఉత్తరాన కౌరవులు ఆలమందలను తోలుకుపోతున్నారన్న కబురు వచ్చేసరికి అంతఃపురంలో మిగిలిన మగవాడు ఉత్తరుడొక్కడే. సారథి లేడుగానీ ఉంటే ఆ కౌరవులను ఏం చేసేవాడో చూపించేవాణ్నని ఆడవాళ్ల మధ్య గొప్పలు పోతాడు. సారథిగా బృహన్నల దొరుకుతుంది. దాంతో వెళ్లక తప్పదు. భీష్మద్రోణకర్ణులున్న సేనను కళ్లారా చూడగానే రథం దూకి పారిపోతాడు. బృహన్నల వేషంలో ఉన్న అర్జునుడు వెంటపడి పట్టుకొస్తాడు.

దర్శకుడికీ నటుడికీ ఇక్కడ పెద్ద ప్రలోభం ఉంది. ఉత్తరుణ్ని పూర్తిగా విదూషకుణ్ని చేస్తే హాలు దద్దరిల్లుతుంది. కానీ ఆ తరువాత అర్జునుడు తన నిజరూపం చెప్పుకునే ఘట్టం ఉంది. జమ్మిచెట్టు మీది ఆయుధాలు దింపే ఘట్టం ఉంది. ఆ పిరికివాడే పగ్గాలు పట్టి గాండీవి రథం తోలవలసి ఉంది. ముందు మితిమీరి నవ్విస్తే తరువాతి గంభీరత నిలవదు. రేలంగి ప్రగల్భాలను పసితనంతో పలికారు. యుద్ధమంటే ఏమిటో చూడని కుర్రవాడి మాటలవి, అబద్ధాలు కావు. అందుకే భయం పట్టుకున్నప్పుడు నవ్వుతోపాటు జాలీ కలుగుతుంది. ఎదుట ఉన్నది అర్జునుడని తెలిశాక ఆ ముఖంలో వచ్చే తేట, భక్తి నమ్మదగ్గవిగా ఉంటాయి. అప్పటికి ఆయనకు యాభై దాటాయి. ఈ పాత్రను ఇంత తూకంతో చేసిన నటుడు తెలుగు తెరమీద మరొకరు లేరు.

ఇద్దరు రాకుమారులను పక్కపక్కన పెట్టి చూస్తే తేడా తెలుస్తుంది. లక్ష్మణకుమారుడిది గారాబంతో చెడిన అహంకారం. ఉత్తరుడిది లోకం తెలియని ఆర్భాటం. ఒకడు చివరిదాకా మారడు, రెండోవాడు ఒక్క పూటలో మనిషవుతాడు. పైకి ఒకే రకంగా కనిపించే ఈ ఇద్దరికీ ఒకే నటుడు రెండు వేరువేరు మనసులు ఇచ్చాడు. భారతం తెలిసినవారికి ఇంకో సంగతి కూడా మనసులో మెదులుతుంది. కురుక్షేత్రంలో ఉత్తరుడు మొదటిరోజే శల్యుడి చేతిలో, లక్ష్మణకుమారుడు అభిమన్యుడి చేతిలో ప్రాణాలు పోగొట్టుకుంటారు. సినిమాలు అంతవరకూ వెళ్లవు. రేలంగి వాళ్లను ఎంత ప్రేమించదగ్గవాళ్లుగా చేశారంటే, ఆ చావులు తలుచుకుంటే ప్రాణం చివుక్కుమంటుంది.

సాంఘిక చిత్రాల్లో ఆయనకు జంటలు కుదిరాయి. నెల్లూరు జిల్లానుంచి వచ్చిన రమణారెడ్డి పొడుగ్గా, ఊచలా సన్నగా ఉండేవారు. రేలంగి బొద్దుగా, గుండ్రటి ముఖంతో ఉండేవారు. ఇద్దరూ ఒకే చట్రంలో నిలబడితే మాట లేకుండానే నవ్వు పుట్టేది. రమణారెడ్డిది ఎత్తులు వేసే బుర్ర, గబగబా దొర్లే మాట. రేలంగిది ఆ ఎత్తుల్లో చిక్కుకునే అమాయకత్వం, నింపాదిగా సాగే గోదావరి మాట. గిరిజతో ఆయన జంట ఎంత పేరు పొందిందంటే కథానాయిక పాటతోపాటు వీళ్లిద్దరి పాట కూడా ఉండాలని పంపిణీదారులు అడిగే స్థితి వచ్చింది. ఇల్లరికం, అప్పుచేసి పప్పుకూడు లాంటి చిత్రాల్లో ఈ మూకుమ్మడి సందడి చూడవచ్చు. 1961లో వచ్చిన జగదేకవీరుని కథలో రెండు చింతలు అనే వింత పేరుతో కథానాయకుడి వెంట తిరిగే తోడు ఆయనే. గయ్యాళి భార్యగా సూర్యకాంతం, ఆమె నోటికి జడిసే భర్తగా రేలంగి అనేది మరో జంట. సూర్యకాంతం విసురుకు ఎదురు నిలబడి నవ్వించడం సులువైన పని కాదు. రేలంగి ఎదురు నిలబడేవారు కాదు. ఒదిగిపోయేవారు. ఆ ఒదుగులోనే నవ్వు పుట్టేది.

మూడు వందల చిత్రాల్లో అన్నీ మేలిమి కావు. పేరు పెరిగాక రేలంగి ఉంటే చాలు, కథతో సంబంధం ఉన్నా లేకపోయినా సరేననుకున్న నిర్మాతలు తయారయ్యారు. ప్రధాన కథకు పక్కన అతికించిన హాస్యఘట్టాలు, భార్యకు భయపడటం తప్ప మరో విషయం లేని సంభాషణలు ఆ చిత్రాల్లో కనిపిస్తాయి. ఆడదాని నోరే నవ్వులాటకు సరుకు అనుకున్న కాలపు రాతలు ఈనాడు చూస్తే చప్పగా ఉంటాయి. అక్కడ కూడా రేలంగి చేసిన తప్పు దాదాపు కనిపించదు, రాతలోని పేదరికమే కనిపిస్తుంది. పింగళి, సముద్రాల, చక్రపాణి లాంటివారు కలం పట్టినప్పుడు, కె.వి.రెడ్డి, ఎల్.వి.ప్రసాద్ లాంటివారు దర్శకులైనప్పుడు ఆయన ఎంత ఎత్తుకు వెళ్లారో చూస్తే, హాస్యనటుడి గొప్పతనం సగం రచయిత చేతిలో ఉంటుందని స్పష్టమవుతుంది.

1960లు ముగిసేసరికి గాలి మారింది. పద్మనాభం, రాజబాబు, అల్లు రామలింగయ్యల వేగం, ఒంటి విరుపులు కొత్త ప్రేక్షకులకు నచ్చాయి. 1967లో వచ్చిన భక్తప్రహ్లాదలో చండామార్కుల వేషాల్లో రేలంగి, పద్మనాభం పక్కపక్కన కనిపిస్తారు. పాత తరం, కొత్త తరం ఒకే పాఠశాలలో పంతుళ్లుగా కూర్చున్న ఆ దృశ్యాన్ని హాస్యం మీద ఆసక్తి ఉన్నవారు ప్రత్యేకంగా చూడాలి. ఇద్దరి పద్ధతుల మధ్య తేడా అందులో విడివిడిగా తెలుస్తుంది.

పద్మశ్రీ వచ్చేనాటికే ఆయన ఆరోగ్యం దెబ్బతింది, వేషాలు తగ్గాయి. మద్రాసు జీవితం తరువాత తాడేపల్లిగూడెంలో ఉన్నారు. అక్కడ ఆయన కట్టించిన సినిమా హాలు రేలంగి చిత్రమందిర్. గోదావరి జిల్లాల్లో ఒక తరం ప్రేక్షకులకు అది సుపరిచితమైన పేరు. 1974 నవంబరులో రమణారెడ్డి కన్నుమూశారు. ఏడాది తరువాత, 1975 నవంబరు 27న తాడేపల్లిగూడెంలో రేలంగి తుదిశ్వాస విడిచారు.

ఆయన తరువాత పద్మశ్రీ అందుకున్న తెలుగు హాస్యనటుల్లో అల్లు రామలింగయ్యకు 1990లో, బ్రహ్మానందానికి 2009లో ఆ గౌరవం దక్కింది. ఒక్కొక్కరి దారి వేరు. రేలంగి వేసిన బాట మాత్రం వాళ్లందరికీ పనికొచ్చింది. హాస్యనటుడు కథానాయకుడితో సమానంగా గోడపత్రికలో కనిపించవచ్చని, సమానంగా గౌరవం పొందవచ్చని ఆయన జీవితమే చూపించింది. శివరావులా ఒక్కసారిగా ఎగసి ఒక్కసారిగా ఒరిగిపోకుండా రెండు దశాబ్దాలు నిలకడగా నిలబడటం అంతకుముందు తెలుగు హాస్యంలో లేని సంగతి. 2010లో, ఆయన శతజయంతి సంవత్సరంలోనే, మాయాబజార్‌కు రంగులద్ది మళ్లీ హాళ్లలో విడుదల చేశారు. యాభై ఏళ్లు దాటిన ఆ పెళ్లిపందిట్లో లక్ష్మణకుమారుణ్ని చూసి కొత్త తరం పిల్లలు కూడా పగలబడి నవ్వారు.

రేలంగిని టీవీ తునకల్లో మాత్రమే చూసినవారు ఒక సెలవు రోజు మాయాబజార్, నర్తనశాల రెండూ వెంటవెంటనే చూడాలి. లక్ష్మణకుమారుణ్నీ ఉత్తరకుమారుణ్నీ చేసింది ఒకే మనిషని గుర్తుపెట్టుకుని చూస్తే, ఆ తరం ఆయనను ఎందుకంతగా నెత్తిన పెట్టుకుందో ఇంకెవరూ చెప్పనక్కర్లేదు.